పొద్దటి చేతులు

నా చేతులు పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా ఉంటాయి. ఇప్పుడు మంచి మందులు దొరుకుతున్నాయి కాబట్టి తేడా తగ్గింది. డిగ్రీ చదివే రోజుల్లో నిద్ర లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. సీసా మూత తీయలేకపోయేదాన్ని. జడ అవ్వ వేసేది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. ఎండ ఎక్కేకొద్దీ కీళ్లు కొంచెం కొంచెంగా వదిలేవి. మధ్యాహ్నానికి అన్నం కలుపుకొని తినగలిగేదాన్ని, సాయంత్రానికి రాయగలిగేదాన్ని. సాయంత్రం పూట నన్ను చూసినవాళ్లు నాకు కీళ్లవాతం అంటే నమ్మేవారు కాదు.

బాపు పోయాక ఈ సంగతి రాయాలని కూర్చున్నాను. రాసినదాంట్లో ఆయన ఉన్నదానికంటే పెద్దగా కనిపించాడు. చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు అనుకొని మళ్లీ మొదలుపెట్టాను.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా వైపు గనిని బాయి అంటారు. బాపు బాయిలోకి దిగి బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడు. నేను కాలేజీలో చేరిన ఏడే జబ్బు మొదలైంది. పొద్దటి క్లాసులకు పోలేకపోయాను. హాజరు తగ్గింది, దాంతో స్కాలర్‌షిప్ ఆగింది. ఆదివారాలు మాత్రమే క్లాసులుండే దూరవిద్య డిగ్రీకి మారాను. వారమంతా ఇంట్లో చదువుకొని ఆదివారం మధ్యాహ్నం పోయి కూర్చోవడం నా ఒంటికి సరిపోయింది. డబ్బు దగ్గరే సరిపోలేదు. బాపుకు మోకాళ్లు అరిగి డ్యూటీలు తగ్గాయి. చేసిన రోజులకే జీతం. అందులో అప్పుల కోతలు పోను మిగిలింది ఇంటికి సరిపోయేది. రెండో సంవత్సరం ఫీజు గడువు దగ్గరపడుతుంటే అవ్వ ఒక ఏడు ఆగమంది. మా వాడలో ఒక ఏడు ఆగిన ఆడపిల్లలు మళ్లీ పుస్తకం పట్టడం నేను చూడలేదు.

స్టడీ సెంటర్లో ఉద్యోగం చేసే ఒక అక్కను ఏమైనా సాయం దొరుకుతుందా అని అడిగాను. ఆమెకు తెలిసినవన్నీ ఓపికగా చెప్పింది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ రోజూ కాలేజీకి పోయేవాళ్లకు. కార్మికుల పిల్లలకిచ్చే సాయం కూడా వాళ్లకే. మందులు బాపు పేరు మీద కంపెనీ దవాఖానలో దొరుకుతాయి, అంతవరకే. సగం రోజు మాత్రమే బాగుండే మనిషికి ఎందులోనూ చోటు లేదు. చివరికి ఆమె, వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే ఫీజు మాఫీకి పెట్టుకోవచ్చంది. జిల్లా దవాఖానలో డాక్టర్ల బోర్డు నలభై శాతం వైకల్యం అని రాసివ్వాలి. అది ఉంటే పరీక్షలో అదనపు సమయం కూడా అడగొచ్చట. మా పరీక్షలు పొద్దున పూట జరిగేవి. మొదటి ఏడు ఒక పేపరు సగంలోనే ఇచ్చి వచ్చాను.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు ఒప్పుకోవడానికి బాపుకు కొంత సమయం పట్టింది. దానికి కారణం చెప్పాలి.

బాయి పనివాళ్లకు కొన్నేళ్లకోసారి కంపెనీ దవాఖానలో ఒళ్లంతా పరీక్ష చేస్తారు. దాన్ని మెడికల్ అంటారు. అన్‌ఫిట్ అని రాస్తే బాయిలోకి దిగనివ్వరు, పైన తేలిక పని ఇస్తారు, జీతం తగ్గుతుంది. అందుకని మెడికల్ పొద్దున ప్రతి ఇంట్లో ఏదో ఒక తయారీ ఉండేది. బాపు మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టించుకునేవాడు, చాయ్ తాగేవాడు, కీళ్లు వదిలేదాకా క్వార్టర్ల వెనక అటూ ఇటూ నడిచేవాడు, అప్పుడు ఉతికిన అంగీ వేసుకొని పోయేవాడు. డాక్టర్ ఎట్లున్నవంటే మంచిగున్న అనేవాడు. మా ఇంట్లో అన్‌ఫిట్ అనే మాట ఎవరూ నోటితో అనేవారు కాదు.

పక్క క్వార్టర్ కాకది దీనికి తలకిందుల బాధ. తేలిక పనికి కూడా పనికిరాడని పూర్తిగా అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపితే తన ఉద్యోగం కొడుకుకు వస్తుందని ఆయన ఆశ. నన్ను బోర్డుకు తీసుకుపోతున్నారని తెలిసి వచ్చి కూర్చున్నాడు.

"మీ బాపు మెడికల్‌కు పోతే పెండ్లికొడుకు లెక్క పోతడు బిడ్డా. ఈయన మాట ఇనకు. బోర్డు ముందట ఎట్ల నడవాలెనో నేను చెప్త."

"నువ్వు ఎన్నేండ్ల సంది కుంటుతున్నవ్, నిన్ను నమ్మిండ్రా?" అన్నాడు బాపు.

"నమ్మకుంటేంది, కుంటుడన్న మంచిగ వచ్చింది."

అవ్వ కూడా నవ్వింది. బాపు నవ్వలేదు. "నా బిడ్డ నాటకాలాడది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తది," అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకు కరీంనగర్ బయలుదేరాం. వేళ్లు బిగుసుకొని ఉండగానే బోర్డు ముందుకు పోవాలని నా ఆలోచన. బస్సులో కిటికీ ఊచ పట్టుకోలేక మోచేయి దానికి ఆనించి కూర్చున్నాను. మేం చేరేసరికే దవాఖాన వరండా నిండిపోయి ఉంది. టోకెన్లు ఇచ్చారు. బోర్డులో కీళ్లు చూసే డాక్టర్ ఆపరేషన్‌లో ఉన్నాడని, వచ్చాక పిలుస్తామని చెప్పారు.

తలుపు తెరుచుకోలేదు. ఎండ వరండా మెట్లెక్కింది. నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు అటే పెట్టి కూర్చున్నాను. ప్రతి గంటా నాకు నొప్పి తగ్గిస్తుంది, అవకాశమూ తగ్గిస్తుంది. బాపుకు ఇది తట్టలేదు. ఆయన కంటికి కనిపించింది ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చున్న బిడ్డ. లేచి పోయి చాయ్ తెచ్చాడు. గాజు గ్లాసు నా రెండు అరచేతుల మధ్య పెట్టి పైనుంచి తన చేతులతో మూశాడు.

"గట్టిగ పట్టుకో. ఏడి దిగుతది."

చాయ్ అయిపోయాక నడవమన్నాడు. కూర్చుంటే ఇంకా బిగుస్తుందన్నాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నన్ను నడిపించాడు, నడుస్తూ నా వేళ్లు ఒక్కొక్కటే పట్టి లాగాడు. మళ్లీ చాయ్ తెచ్చాడు. ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. వద్దనలేదు. నొప్పి దిగుతుంటే వద్దనడం మాటల్లో ఉన్నంత తేలిక కాదు. పైగా ఆయన చేతులు నా చేతుల మీద ఉన్నాయి. గ్లాసు పక్కన పెట్టి నేను పిడికిలి మూసి తెరిస్తే ఆయన ముఖం విప్పారింది.

"ఇగ మంచిగున్నయ్. డాక్టర్ ముందట గిట్లనే ఉండాలె," అన్నాడు.

తానేమన్నాడో ఆయన చెవికే ఎక్కలేదు. అదే సమయానికి నా పేరు పిలిచారు.

డాక్టర్ కంపెనీ దవాఖాన కాగితాలు తిరగేశాడు. పిడికిలి మూయమన్నాడు, మూశాను. తెరవమన్నాడు, తెరిచాను. గుండీ పెట్టి తీయమన్నాడు. పెన్ను ఇచ్చి పేరు రాయమన్నాడు. నేను తప్పు రాయలేకపోయాను, వంకర రాయలేకపోయాను. చేతిరాత బాగుందన్నాడు. తర్వాత, జబ్బు ఉన్న మాట నిజమే, కాని తాను చూసినదాన్నే కొలవాలని, ఇది నలభైకి రాదని చెప్పాడు. తర్వాతి టోకెన్‌ను పిలవమని అటెండర్‌కు సైగ చేశాడు.

నేను కాగితాలు తీసుకుంటున్నాను. బాపు నా చేతుల వంక చూస్తున్నాడు. కాగితాలు ఎంత సులువుగా మడిచానో ఆయన అప్పుడు చూశాడు.

"సార్," అన్నాడు. "ఈ చేతులు నేను చేసినయి."

డాక్టర్ తలెత్తాడు.

"పొద్దున గిట్ల లేవు సార్. నేనే చాయ గిలాస పట్టించిన. నేనే నడిపించిన. బాయిల పనిచేసేటోళ్లం. డాక్టర్ కాడికి పోయే ముందట ఒళ్లు సాపు చేసుకునుడు మాకు అలవాటు. నాకు యాది లేదు సార్, ఇది వేరే డాక్టర్ అని."

వెనక లైన్లో ఒకాయన, చాయ్‌తో రోగాలు పోతే మనకందరికీ తలా ఒకటి చెప్పండని అన్నాడు. కొందరు నవ్వారు. డాక్టర్ నవ్వలేదు.

"అంటే మీ మెడికల్‌కు కూడా ఇట్లాగే చేసుకొని పోతారా?" అని అడిగాడు.

ఆ గదిలో కంపెనీ మనిషి ఎవరూ లేరు. అయినా బాపు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తన జీతాన్ని నిలబెట్టిన అబద్ధాన్ని మొదటిసారి బయట మనిషి ముందు ఒప్పుకున్నాడు.

డాక్టర్ నా కాగితాలు తిరిగి తీసుకొని పక్కన పెట్టాడు. మర్నాడు తెల్లారగానే వార్డు మెట్ల దగ్గర ఉండమన్నాడు. రేపు తెలంగాణ బంద్ అని బాపు గుర్తుచేశాడు. తన క్వార్టర్ దవాఖాన వెనకే, నడిచి వస్తానన్నాడు డాక్టర్.

"మీరు మాత్రం ఈ అమ్మాయికి ఏమీ చెయ్యొద్దు," అన్నాడు బాపుతో.

రోగుల వెంట వచ్చినవాళ్లుండే షెడ్డులో పడుకున్నాం. పొద్దున నళ్లా దగ్గర కుళాయి తిప్పడం నాకు రాలేదు. బాపు లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎవరో ముసలావిడ తిప్పింది. చెప్పు పట్టీ పెట్టుకోలేక చెప్పులు చంకలో ఇరికించుకొని మెట్ల దాకా వచ్చాను. చున్నీ జారితే జారినట్టే ఉంది. ఆయన నాకు కొంచెం దూరంలో, అరచేతులు తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన అట్లా చేతులు కట్టేసుకొని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

బంద్ రోజైనా ఫ్లాస్క్ పట్టుకొని ఒకాయన చాయ్ అమ్మకానికి వచ్చాడు. బాపు వద్దని తల ఊపాడు.

"ఏంది కాకా, బిడ్డ చేతులు గట్ల బిగుసుకపోతే ఒక్క చాయ గూడ తాపియ్యవా? గింత పిసినారి ఉంటదా?"

ఆ మనిషి గొణుక్కుంటూ పోయాడు.

డాక్టర్ రాలేదు. బంద్ అని రాడేమో అనుకున్నాను. బాపు కూడా అదే అనుకుంటున్నాడని గేటు వైపు చూసే చూపులో తెలిసింది. ఎండ చెట్ల మీది నుంచి దిగి కింది మెట్టు మీద పడింది. తర్వాత పై మెట్టుకు వచ్చింది. ఇంకొంచెం ఎక్కితే నా ఒడిలో పడుతుంది. నాకు ఆ వెచ్చదనం కావాలని ఉంది. బాపు లేచాడు. వచ్చి నా ముందు, ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన నీడ నా చేతుల మీద పడింది. ఆ మోకాళ్లతో అంతసేపు ఆయన కదలకుండా నిలబడటం కష్టం. ఎండ జరిగినప్పుడల్లా తనూ కొంచెం జరిగి నిలబడ్డాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

డాక్టర్ చివరికి వచ్చాడు. మెట్ల మీదే వంగి పిడికిలి మూయమన్నాడు. సగం మూసుకుంది. పెన్ను ఇచ్చాడు. పట్టుకున్నాననే అనుకున్నాను, అది కింద పడింది. తీయమన్నాడు. తీయడానికి చూశాను. బాపు నడుము సగం వంగి అక్కడే ఆగింది. డాక్టర్ ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ని చూసి, తనే వంగి పెన్ను తీసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

సర్టిఫికెట్ నలభైకి పైన వచ్చింది. రెండో ఏడు ఫీజు మాఫీ అయింది. పరీక్షలో అదనపు సమయం ఇచ్చారు. ఆలస్యంగానే అయినా డిగ్రీ పూర్తి చేశాను.

ఆ చలికాలం బాపుకు మెడికల్ వచ్చింది. సర్టిఫికెట్‌తో నా ఫీజు భారమే తీరింది, ఇల్లు మాత్రం ఆయన డ్యూటీ మీదే నడవాలి. ఆ పొద్దున అవ్వ నీళ్లు కాచింది. కాపడం నేను పెడతానన్నాను. నా వేళ్లు ఇంకా వదల్లేదు, గుడ్డ పిండటం రాలేదు. రెండు అరచేతుల మధ్య నొక్కి ఆయన మోకాళ్ల మీద వేశాను. నీళ్ల వేడికి నా చేతులు కూడా వదిలాయి. చాయ్ తాగి, లేచి గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి నా వైపు తిరిగాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

ఆయన నడక ఎట్లా ఉందో నాకు తెలుసు. ఏ మాట కోసం అడిగాడో కూడా తెలుసు.

"మంచిగ నడుస్తున్నవ్ బాపూ," అన్నాను.

ఉతికిన అంగీ తొడుక్కొని పోయాడు. ఫిట్ అని రాశారు. నా చదువు అయ్యేదాకా ఆయన బాయిలోకి దిగుతూనే ఉన్నాడు.