ఏ పర్సో?

మా పురానాపూల్ పంటి దవాఖానలో ఒక కథ తిరుగుతున్నది. షుగర్ ఉన్న ఒక పాలాయన పన్ను పీకబోతున్న కొత్త డాక్టరమ్మ చెయ్యి నేను పట్టుకుని ఆపానట. ఇప్పుడు రాసిపెట్టకపోతే ఆ గొప్ప నాకే మిగిలిపోతుంది. నిజానికి ఆ రోజు పటకారు అందించబోయింది నేనే.

నేను డాక్టరును కాను. ఇరవై ఏళ్లకు పైగా కుర్చీ పక్కన నిలబడి పనిముట్లు అందించే అసిస్టెంటును. బడి చదువు పదితో ఆగింది. మిగిలిన చదువంతా లైబ్రరీది. దంతవైద్యం పుస్తకాలను పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పేజీని ఒక్కో పూట నమిలాను. అందుకే పెద్ద డాక్టరుగారు కాలేజీ నుంచి వచ్చిన కొత్తవాళ్లను మొదటి నెల నాకు అప్పగిస్తారు. పన్ను పీకడం వాళ్లకు వచ్చు. పీకేముందు ఏం అడగాలో నేను చెబుతాను.

"రోగి చెప్పింది చెప్పినట్టు రాయొద్దు. తారీఖు అడిగి రాయాలె." ఇది నా మంత్రం.

ఈ డాక్టరమ్మ గోదావరి వైపు నుంచి వచ్చింది. మొదటి రోజే నా పుస్తకం తిరగేసి, "అంకుల్, ఈ ఎడిషన్ వయసులో నాకంటే పెద్దదండి" అన్నది.

"పెద్దోళ్లకు జర ఇజ్జత్ ఇయ్యాలె తల్లీ" అన్నాను, పుస్తకం తరఫున.

రెండో వారంలో కార్వాన్ నుంచి పాలాయన వచ్చాడు. దవడ ఉబ్బి ఉంది.

"గీ పన్ను పీకి పారెయ్ బిడ్డా. నా మొఖం జూసి బర్రెలు బెదురుతున్నయ్."

"షుగర్ ఉందాండీ?"

"ఉన్నది. గోలీలు మింగుతున్న."

"టెస్ట్ ఎప్పుడు చేయించారు?"

"పర్సోనే చేపిచ్చిన. మస్తుగున్నది. ఫికర్ జెయ్యకు."

పర్సో అంటే మొన్న. నేను తలూపి, మత్తు సూది నింపి, పటకారు ఉన్న ట్రేను ముందుకు జరిపాను. ఆమె ముట్టుకోలేదు.

"ఏ పర్సో అండీ?"

"ఏ పర్సో ఏంది? పర్సో అంటే పర్సోనే!"

"మా ఇంటి ఓనరుగారు ప్లంబరు పర్సో వస్తాడన్నారండి. మూడు వారాలుగా కుళాయి కింద బకెట్లు మారుస్తున్నాను. అందుకే అడుగుతున్నా."

పాలాయన పైకప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. "మా మనుమడు పుట్టకముందు."

"మనవడు ఇప్పుడేం చేస్తున్నాడు?"

"బడికి వోతుండు."

నేను ఇక్కడే పుట్టినవాణ్ణి. మా దగ్గర పర్సో అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు, పోయిన ఏడాది కావచ్చు. నాకు తెలియక కాదు. విని విని నా చెవికి ఆ మాట అరిగిపోయింది. నా మంత్రాన్ని నేనే మరిచాను.

వేలు గుచ్చి మీటరు చూడగానే ఆమె ముఖం మారింది. ఇంత షుగర్ మీద పన్ను పీకితే గాయం మానదని, చీము మెడలోకి కూడా దిగవచ్చని చెప్పింది. పాలాయన లొల్లి మొదలుపెట్టాడు.

"పన్ను పీకుమంటే వేలు గుచ్చుతరా? భాయ్, నువ్వన్న చెప్పు!"

నేను చెప్పింది ఒక్క మాట: "డాక్టరమ్మ చెప్పిందే ఖరారు." పటకారు వెనక్కి తీసుకున్నాను. ఆమె చీము తీసి, మందులు రాసి, అప్పుడే ఫోన్ చేసి, ఆయనను షుగర్ డాక్టరు దగ్గరికి పంపింది. షుగర్ దిగాకే పన్ను పీకింది. గాయం చక్కగా మానింది.

కేసు కాగితంలో ఇప్పుడు "తారీఖు" అన్న చోట ఆమె చేతిరాత ఉంటుంది: ఏ పర్సో? కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వాక రోగిని అడుగుతారు.

పేర్లు రాయొద్దని ఆమె షరతు పెట్టింది. కాబట్టి పేర్లు లేకుండానే దండాలు: గడువు దాటిన పుస్తకాలను చూసీ చూడనట్టున్న లైబ్రరీ మేడంకు, కొత్తవాళ్లను నన్ను నమ్మి అప్పగించే పెద్ద డాక్టరుగారికి, ఇప్పుడు మా దవాఖానకు పాలు పోస్తున్న పాలాయనకు. అందరికన్నా ఎక్కువ ఆ ప్లంబరుకు. అతను చెప్పిన రోజే వచ్చి ఉంటే ఆమె ఆ ప్రశ్న అడిగేది కాదు.