కెమెరాకి వేసిన కన్నం

ప్రపంచంలో మొట్టమొదటి "ఛీ" ఎవరి నోట వెలువడిందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. అత్యధిక సంఖ్యలో అన్నదెవరన్న విషయంలో మాత్రం ఆ వీధిలో రెండో అభిప్రాయం లేదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో రెండు వందల నలభై కుట్టుమిషన్ల బాగోగులు చూసే మెకానిక్, మూడు వాటాల మేడలో మధ్యవాటా మనిషి, ఈ ఏకాక్షరానికి ముప్పై యేళ్ల జీవితం ధారపోశాడు. ఆయన ఛీలు మూడు రకాలు. కొత్త వస్తువు అట్టపెట్టె చూడగానే అనేది పొట్టి ఛీ. దాన్ని విప్పి లోపలి పనితనం చూశాక అనేది పొడుగు ఛీ. మూడోదానికి శబ్దం ఉండదు; పెదవి ఒక పక్కకి జారుతుంది, ముక్కు రవ్వంత పైకి లేస్తుంది, కళ్లు మూతపడతాయి. అది మనుషులకే ప్రత్యేకం. అందులోనూ ఎక్కువ భాగం బావమరిదికి.

ఈ ఛీ వెనక ఒక క్రమం ఉంది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ఆ రోజే స్క్రూలు విప్పాలి, లోపలికి చూసి ఛీ అనాలి, ఒక్క చుక్క మిషన్ నూనె వెయ్యాలి, మూసెయ్యాలి. గోడగడియారం, మిక్సీ, గొడుగు అన్నీ ఈ సంస్కారం పొందినవే. పైవాటా వాళ్లు చూపించి పోదామని తెచ్చిన బరువు తూచే మిషన్ కూడా నూనె చుక్క పుచ్చుకుని గాని మెట్లెక్కలేదు.

"పుట్టిన బిడ్డకి ఆముదం పట్టినట్టు, ఏం మనిషండీ బాబూ!" అనేది ఆయన భార్య.

ఆవిడ బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఇరవై రెండేళ్లుగా మైకులో చెబుతోంది. టేపులూ గీపులూ లేవు, ఎప్పటికప్పుడు నోటితో చెప్పడమే. ఆ గొంతు వింటే బెంచీ మీద గురక పెడుతున్నవాడు కూడా లేచి చెప్పులు వెతుక్కునేవాడు. మెకానిక్ ప్రపంచంలో ఛీ అనకుండా వదిలేసిన పనితనం అదొక్కటే. ఆ మాట ఆయన పైకి ఎన్నడూ అనలేదు. మెచ్చుకోవడానికి ఆయన దగ్గర అక్షరం లేదు.

ఆ గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. తర్వాత మాట వస్తుందిగానీ, ఇదే మాట వస్తుందని చెప్పలేమన్నారు.

ఆపరేషన్ వారం ఉందనగా బావమరిది వచ్చాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి. పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి తొక్కి, ఎక్కడ కూర్చున్నా కుడికాలితో లేని బ్రేకు నొక్కుతూ ఉంటాడు. తగ్గింపు బోర్డు కనిపించిన చోట మాత్రం నిజంగానే ఆగుతాడు. ఆ రోజు ఆగి కొన్నదాన్ని టేబుల్ మీద పెట్టాడు.

"ఏంట్రా ఇది, సబ్బుపెట్టెలా ఉంది?"

"వీడియో కెమెరా బావా. ఇరవై నిమిషాలు తీస్తుంది. అక్క గొంతు ఉన్నదున్నట్టు పట్టి ఉంచుకోవచ్చు కదా అని."

"ఛీ," అన్నాడు మెకానిక్. పొట్టిది. "తీసింది ఎందులో చూడాలి?"

"ఇందులో కనపడదు. తీసేటప్పుడు చూపిస్తుంది, తీసింది చూపించదు. షాపుకి పట్టుకెళ్తే వాళ్లు డిస్కు చేసిస్తారు."

"మరి కెమెరా?"

"అది వాళ్లే ఉంచేసుకుంటారు."

మెకానిక్ కాసేపు ఆ సబ్బుపెట్టెనీ, దాన్ని తెచ్చినవాణ్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే డబ్బు నీది, గొంతు మీ అక్కది, పెట్టె మాత్రం వాడిది. పిల్లనిచ్చి పెళ్లి చేసి, మొహం చూడాలంటే మా ఇంటికొచ్చి చూసి పొమ్మన్నట్టుంది."

"చవగ్గా వచ్చింది బావా."

"చవగ్గా వచ్చేవన్నీ మీ ఇంటి వైపు నించే వస్తాయి."

"వినపడుతోంది," అంది వంటింట్లోంచి ఆవిడ. "నేనూ అటునించే వచ్చాను."

మెకానిక్ ఆ మాట విననట్టు కెమెరాని తిరగేశాడు. స్క్రూ లేదు. ఉన్న రెండు సగాలనీ జిగురు పెట్టి అతికించేశారు. అడుగున మాత్రం పది ఇత్తడి పళ్లున్న గాడి ఒకటి ఉంది. అది షాపువాడి మిషన్‌కి తప్ప ఇంకో వైరుకి నోరు తెరవదు. ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆవిడ వచ్చి కెమెరా లాక్కుంది.

"దీన్ని విప్పారంటే మీతో మాట్లాడను. ఎలాగూ వారం పోతే మాట్లాడలేను, ఇవాళ్టి నించే మానేస్తాను."

అంతటితో ఆయన విప్పడం మానుకున్నాడు. ఆవిడ టీ తేవడానికి లోపలికి వెళ్లింది. బావమరిది పేపరు అడ్డం పెట్టుకున్నాడు. విప్పకుండా చూస్తే తప్పేముందని మెకానిక్ కెమెరా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ముందువైపు, అద్దం కింద, ఆవగింజంత రంధ్రం కనిపించింది. కుట్టుమిషన్‌కి పైన కనిపించే సన్న రంధ్రాలు నూనె కోసమే పెడతారు. చిన్న నూనెబుడ్డి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేదే. ఒక్క చుక్క వేసి, బొటనవేలితో తుడిచి, ఉన్నచోటే పెట్టేశాడు.

ఆస్పత్రిలో చేరే రోజు మధ్యాహ్నం ఆవిడ చీర మార్చుకుని, గదిలో కుర్చీ వేసుకుని, కెమెరాని సొరుగుబల్ల మీద నిలబెట్టి తలుపు వేసుకుంది. మెకానిక్ బయట నిలబడ్డాడు. మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది. ఇరవై రెండేళ్లలో ఆయన బస్‌స్టేషన్‌కి వెళ్లి పనిగట్టుకుని విన్నది లేదు. ఇప్పుడు తలుపుకి చెవి ఆనించి వింటుంటే అది కాస్త తెరుచుకుంది.

"ఛీ, అవతలికి పొండి!" అంది ఆవిడ.

తన అక్షరమే తనకి తగిలేసరికి ఆయన తలుపు దగ్గరికి లాగి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలు నోరు విప్పకూడదన్నారు. ఆవిడ పలక పట్టుకుంది. ఆ మూడు వారాలూ ఇల్లు నిశ్శబ్దంగా ఉందనుకుంటే పొరపాటు. బలపం అంత గట్టిగా అరవగలదని మెకానిక్‌కి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మాట వచ్చింది. ఇసక మీద రేకు ఈడ్చినట్టు వచ్చింది. నెల చూశారు, రెండు నెలలు చూశారు. ఇక ఇదే మీ గొంతు అని డాక్టరు చెప్పేశాడు. బస్‌స్టేషన్ వాళ్లు ఆవిడకి పాసులకి ముద్ర వేసే కుర్చీ ఇచ్చారు. అద్దాల గదిలోకి ఇంకో అమ్మాయి వచ్చింది.

"ఆ కెమెరా పట్టుకెళ్లి డిస్కు చేయించండి," అంది ఆవిడ ఆ రోజు ఇంటికి రాగానే. "నా గొంతు నేను ఒక్కసారి వినాలి. ఇంకెక్కడా లేదది."

షాపులో కౌంటర్ మీది మనిషి కెమెరాని గోళ్లతో తట్టి చూసి వెనక్కి నెట్టాడు.

"ఈ మోడల్ ఆపేశారు సార్. డిస్కులు తీసే మిషన్ కూడా వెనక్కి పంపేశాం."

"మరి ఇందులో ఉన్నది?"

"ఉంటుంది సార్. ఎక్కడికీ పోదు."

"ఎలా చూడాలి?"

"చూడ్డం కుదరదు సార్. ఇది మాకిచ్చేస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తాం."

మెకానిక్ ఛీ అన్నాడు. విప్పకుండానే పొడుగుది అనడం ఆయన చరిత్రలో అదే మొదటిసారి. షాపులోని ఫ్యానుకీ, టైల్సుకీ, తగ్గింపు బోర్డుకీ సమానంగా తగిలేలా అని, కెమెరా సంచిలో వేసుకుని వచ్చేశాడు.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచారు. వాడు నోరు ఇవ్వకపోతే మనమే పెడదాం, అన్నది మెకానిక్ నిర్ణయం. పాడైపోయిన ప్రింటర్‌లోంచి యూఎస్‌బీ పోర్టు ఒకటి ఊడదీసి ఉంచాడు. బావమరిది తన కంప్యూటర్ మోసుకొచ్చాడు. నెట్‌లో ఇలాంటి కెమెరా బాధితులు గీసిపెట్టిన బొమ్మ ఒకటి కాగితం మీద తెచ్చాడు. పది పళ్లలో ఏది దేనికో అందులో అంకెలు లేకుండా రంగు గీతలతో చూపించారు. ఆవిడ వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"కన్నం వేసే దొంగల్లా ఉన్నారిద్దరూ," అంది గరగరమనే గొంతుతో.

"వాడు మన గొంతు దొంగిలించి పెట్టెలో పెట్టి తాళం వేస్తే మేం దొంగలమా?" అన్నాడు మెకానిక్.

బాబిన్ విప్పే సన్న స్క్రూడ్రైవర్‌ని జిగురు గీతలోకి దూర్చి చుట్టూ తిప్పాడు. కెమెరా పెంకు టప్పుమని రెండుగా ఊడింది. లోపలికి చూసి ఆయన ఊపిరి పీల్చాడు. పీల్చిన ఊపిరి ఛీగా బయటికి రావాలి. రాలేదు.

లోపల టంకం చీమిడి కారినట్టు అతికించి ఉంది. వైర్లు పొడుగు చాలక ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఆ పనితనానికి పొడుగు ఛీలు డజను పడతాయి. కానీ అన్నిటికంటే ముందు ఆయన ముక్కుకి తగిలింది వాసన. ముప్పై యేళ్లుగా తన చొక్కా జేబులోంచి వచ్చే వాసన. ముందువైపు రంధ్రం వెనకాల శనగబద్దంత గుండ్రటి బిళ్ల, దానికి రెండు వైర్లు. బిళ్ల అంతా నూనెతో నిగనిగలాడుతోంది.

"ఆ బిళ్లేంటి బావా?"

"మైకు," అన్నాడు మెకానిక్ మెల్లిగా.

"తడిగా ఉందే?"

"నువ్వు కాగితం చదువు."

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు చూడలేదు, చూసినా గుర్తుపట్టలేదు. ఆయన సూదిబెజ్జాలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని పనిలోకి దిగాడు. నూనె తర్వాత పాకి ఉంటుంది, తీసేనాటికి మైకు బాగానే ఉండి ఉంటుంది, అనుకున్నాడు. జీవితంలో ఒక వస్తువు మీద ఆయన ఆశ పెట్టుకోవడం ఇదే మొదటిసారి.

"ఎరుపు ఒకటో పన్నుకి, నలుపు పదో పన్నుకి," చదివాడు బావమరిది. "తెలుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు."

టంకం కడ్డీ దగ్గరకొచ్చినప్పుడల్లా బావమరిది కుడికాలు బల్లకింద బ్రేకు తొక్కుతోంది.

"ఒరేయ్, బల్ల కదులుతోంది! క్లచ్చు కూడా తొక్కుతావా ఏంటి?"

"పక్కదానికి తగులుతుందేమో అని బావా."

"నీ కాలు తియ్. లేకపోతే నిన్నే టంకం పెట్టేస్తాను."

నాలుగు వైర్లూ అతికాయి. కంప్యూటర్‌కి తగిలిస్తే, ఇదేదో నాకు తెలియని వస్తువు అంది. బావమరిది కాగితం తలకిందులుగా పట్టుకున్నాడని అప్పుడు తేలింది. మెకానిక్ మూడో రకం ఛీ విసిరాడు గానీ అందులో పూర్వపు బలం లేదు. మొదటినించి వైర్లన్నీ మళ్లీ ఊడదీసి, మళ్లీ అతికించాడు. ఈసారి కంప్యూటర్ టింగుమంది. కాల్చిన సూదితో పెంకు పక్కన కన్నం కోసి, పోర్టుని అందులో కూర్చి, జిగురు పెట్టి, అంచులు ఆకురాయితో నునుపు చేశాడు. కంపెనీవాడు పెట్టినదానికంటే శుభ్రంగా వచ్చింది. బావమరిది నెట్‌లోంచి తెచ్చిన ప్రోగ్రాము ఏదో నడిపాడు. తెర మీద ఒకే ఒక్క ఫైలు కనిపించింది. పంతొమ్మిది నిమిషాలు.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. కొంగు సవరించుకుంది, తెర మీద ఉన్నావిడ తనని చూస్తుందేమోనన్నట్టు.

బొమ్మ వచ్చింది. అదే చీర, అదే కుర్చీ. పెదవులు కదిలాయి. శబ్దం లేదు.

బావమరిది స్పీకరు పెంచాడు. బావిలో చీమ నడిచినట్టు సన్నగా ఏదో వినిపించింది, అంతే. వైరు ఊడదీసి మళ్లీ పెట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. తెర మీద ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"చవక మాల్ కదా అక్కా," అన్నాడు చివరికి తల గోక్కుంటూ. "మైకు మొదట్నించీ చచ్చే ఉంటుంది. దరిద్రపు కంపెనీ. ఏం బావా?"

ఇంతకంటే మంచి అవకాశం ఏ దోషికీ రాదు. కంపెనీని తిట్టడంలో ముప్పై యేళ్ల అనుభవం ఉన్నవాడు, కళ్లెదుట చీమిడి టంకం సాక్ష్యం, పక్కనే పిలవని వకీలు. ఒక్క పొడుగు ఛీ చాలు. మెకానిక్ నోరు తెరిచాడు. భార్య ఆయన వైపే చూస్తోంది.

"కంపెనీ కాదు," అన్నాడు. "నూనె వేసింది నేనే. తెచ్చిన రోజే. ఆ రంధ్రం నూనె రంధ్రం అనుకున్నాను."

బావమరిది కాలు బ్రేకు మీద అలాగే ఉండిపోయింది.

ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. పలక ఎక్కడుందా అని ఆయన కళ్లు వెతికాయి. విసిరితే దూరం నించి తగిలేది అదొక్కటే.

"విప్పొద్దన్నాను," అంది చివరికి.

"విప్పలేదు."

"అవును. విప్పలేదు పాపం!"

ఆయన తల దించుకున్నాడు. తనకి తను చెప్పుకోడానికి మూడు ఛీల్లో ఏది సరిపోతుందో వెతికాడు. మూడూ చిన్నవయ్యాయి.

"అందులో ఏం చెప్పావు?" అని అడిగాడు.

"ఏముంది చెప్పడానికి? పొద్దుటి షిఫ్టు బస్సులన్నీ చదివాను. మొదటిది దగ్గర్నించి."

ఆవిడ తమ్ముడి చేతిలోంచి మౌస్ తీసుకుని ఫైలుని మళ్లీ మొదటికి తెచ్చింది. తెర మీది పెదవులు కదలడం మొదలవగానే, ఇసక మీద ఈడ్చిన రేకు గొంతుతో వాటితో పాటు చదవసాగింది. ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో ప్లాట్‌ఫారం. అయిదో ప్లాట్‌ఫారం. దయచేసి తోసుకోకండి. పెదవి ఎక్కడ విరిగితే మాట అక్కడే విరిగింది. ఇరవై రెండేళ్ల అలవాటు ఒక్క మాట కూడా తప్పలేదు. మెకానిక్ బల్ల అంచు పట్టుకుని, ఈసారి తలుపుకి ఇవతల నించే విన్నాడు.

పదకొండో నిమిషంలో తెర మీద ఆవిడ తల పక్కకి తిప్పి, చెయ్యి విదిలించి, ఏదో అంది. అక్కడ మాత్రం ఈవిడ చదవలేదు. మౌస్ మీద వేలు ఆపి ఆయన వైపు చూసింది. పెదవుల్ని బట్టి అదేమిటో చెప్పక్కర్లేదు. ఆ పంతొమ్మిది నిమిషాల్లో శబ్దం లేకపోయినా ఆయనకి స్పష్టంగా వినిపించిన అక్షరం అదొక్కటే.

పోర్టు మాత్రం ఇప్పటికీ బాగా పనిచేస్తోంది.