ఆళ్ళగడ్డలో తిరగని కంబం

1958లో నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. వృషభ రాశిలో ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం ఒక మబ్బును మిగిల్చింది. దానిమీదే నా పరిశోధన. అందులో అయస్కాంత క్షేత్రం ఎటు పరుచుకుందో, అక్కడినుంచి వచ్చే రేడియో తరంగాలు ఊగే దిక్కునుబట్టి తెలుస్తుంది. ఏరియల్‌ను గుండ్రంగా తిప్పితే మీటరు ముల్లు ఒక దిక్కున లేచి, మరో దిక్కున పడాలి. ఈసారీ ఏమీ తేలకపోతే అంశం మార్చుకోమన్నారు నా పరిశోధన చూసే మాస్టారు. నంద్యాలలో మా మిద్దెమీద మిల్లు మోటార్ల గరగర తప్ప ఏమీ వినబడలేదు. అందుకే మోటార్ల గోల లేని చోటు కోసం ఆళ్ళగడ్డ బయలుదేరాను.

పొద్దున్నే మొదటి బస్సు, దాదాపు రెండు గంటల దారి, టికెట్టు రూపాయి లోపే. డ్రైవరు నా కొయ్యలూ తీగలూ చూసి, "ఏందప్పా ఇది, పందిరేస్తాండావా?" అన్నాడు. రేడియోకని చెబితే, "అయితే పాటలు బాగా వస్తాయిలే" అంటూ టాపు మీదికి ఎక్కించాడు. నాకు నవ్వు రాలేదు. శిరివెళ్ళలో టీకి ఆపితే, అందరికన్నా ముందే తాగేసి బస్సెక్కి కూర్చున్నాను.

ఆళ్ళగడ్డలో రాళ్ళు చెక్కే వీరాచారితో, ఊరి బయట చేలో ఒక రాతిదిమ్మెకు గుంత తొలిచి నా ఏరియల్ కట్టిన కంబం దించమన్నాను, నేను చేత్తో తిప్పుకుంటానన్నాను. తల ఊపాడు. మర్నాడు తెల్లవారి వెళ్ళేసరికి కంబానికి పసుపు, కుంకుమ, మొదట్లో కొబ్బరిచిప్పలు. పట్టుకుని తిప్పబోతే కదలలేదు. గుంతలో సీసం కరిగించి పోశాడు.

"తిప్పుకుంటానంటి గదా ఆచారీ!"

"నిలబెట్టిన కంబం యాడన్నా తిప్పుతారాప్పా? ధ్వజస్తంభం మాదిరి ముహూర్తం జూసి పోసినా."

పొద్దున ఏడింటికి ఆ మబ్బు దాదాపు నడినెత్తికి వస్తుంది, రేడియో తరంగాలకు పగలైనా ఒకటే. అరువు తెచ్చిన మీటరు రేపు ఇచ్చేయాలి. నాకు ఏడుపొక్కటే తక్కువ. వీరాచారి నా ముఖం చూసి, నిచ్చెన వేసుకుని ఎక్కి, ఏరియల్ అడ్డకొయ్య కట్లు విప్పి తానే తిప్పాడు. ముల్లు లేచింది! పడింది, మళ్ళీ లేచింది. ఆనందంతో కేక వేశాను. ఇంతలో అతను కొయ్య తిప్పకుండా, ఊరికే చెయ్యి మార్చుకున్నాడు. అప్పుడూ ముల్లు లేచింది. అదంతా తీగల పక్కనున్న మనిషి ఒంటివల్లే. కొయ్య తిప్పితే ముల్లు లేచిందని రాసి పంపినా, అసలు సంగతి మాస్టారికి తెలిసే దారి లేదు.

"కట్టేసి కిందికి దిగు ఆచారీ," అన్నాను.

ఒక్కో దిక్కుకూ కొయ్య కట్టడం, దిగడం, దూరంగా జరగడం. ఎటు కట్టినా ముల్లు ఒకేచోట నిలిచింది.

"సీసం కొట్టేస్తాలేప్పా, మళ్ళా జూసుకో," అన్నాడతను చిన్నబోయి.

"వద్దులే. తప్పు కంబానిది గాదు."

ఈ దారిన వెళ్ళేవారు తొలి బస్సే పట్టుకోండి, ఎండ ముదిరితే టాపుమీద సామాను ముట్టుకోలేం. నా అంశం మారిపోయింది. ముల్లు కదలలేదని మాస్టారికి నిజమే రాశాను, దానికి విచారం లేదు. కానీ ఆ మబ్బు నడినెత్తికి వచ్చే వేళకు ఇప్పటికీ ఇంట్లో కూర్చోలేను. మిద్దె ఎక్కి, ఏమీ కనబడని ఆ చోటికేసి చూస్తూ నిలబడతాను.