‘లార్వా లేదు’ అని రాసిన కార్డు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను భవానీపూర్‌లో దోమల నివారణ పనికి సూపర్‌వైజర్‌గా వేశారు. మా ఫీల్డ్ వర్కర్లు వారానికోసారి ఇంటింటికీ వెళ్లి నిలవ నీటిలో గరిటె ముంచి చూడాలి. దోమ లార్వా కనిపిస్తే చిన్న పాత్రల్లో నీళ్లు పారబోయాలి, పెద్ద తొట్టి అయితే మందు చుక్కలు వేయాలి. చూసిందీ చేసిందీ గోడకున్న కార్డు మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కార్డులను నమ్మి నేను పైకి నివేదిక పంపేవాణ్ని.

అక్కడొక చిన్న బౌద్ధ విహారం ఉంది. దాని వంటమనిషి డెంగీతో ఆసుపత్రిలో చేరాడని తెలిసి వెళ్లాను. కార్డు మీద నాలుగు వారాలూ ‘లార్వా లేదు’ అనే ఉంది. వెనకున్న చౌబాచ్చాలో, అంటే ఇటుకల నీటి తొట్టిలో, గరిటె ముంచాను. గరిటె నిండా కదులుతున్నాయి.

సంతకం నూకరత్నానిది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ నగరానికి పారిశుధ్యం పనికి వచ్చిన కుటుంబం ఆమెది. అప్పటిదాకా పనిలో ఒక్క మాట పడని మనిషి. పిలిపించి అడిగాను.

“ఉన్నాయి బాబూ. నెల కిందట ఈ విహారంలో బంతే దగ్గిర పంచశీలం తీసుకున్నాను, పాణం తియ్యనని ఒట్టు. ఆటిని సంపడానికి సెయ్యి రానేదు. మిగతా ఇళ్లల్లో ఇంటోళ్ల సేతికే మందిచ్చి ఎయ్యమన్నాను. బంతే సేతికి ఎలాగిత్తాను?”

“అబద్ధమాడకూడదన్నదీ ఆ ఐదు నియమాల్లోనే ఉంది కదా?”

“ఉంది బాబూ. రెండిట్లో ఏది సిన్న తప్పో తెలీక అలా రాసేశాను. ఇప్పుడా వంటాయన...”

తప్పుడు రాతకు పనిలోంచి తీసేయవచ్చు. నివేదిక రాసే ముందు భంతేని, అంటే విహారంలోని పెద్ద భిక్షువుని, కలిశాను. బెంగాలీలో మాట్లాడుకున్నాం. తొట్టిలో పురుగులున్నాయని ఆయనకూ తెలుసు. నీళ్లు గుడ్డతో వడగట్టుకుని, గుడ్డలో మిగిలిన వాటిని మళ్లీ తొట్టిలోనే వదిలేవారట. శీలం కోర్టు చట్టం లాంటిది కాదనీ, ఎవరికి వారు స్వీకరించే శిక్షణ అనీ, చేసిన పని వెనక ఉద్దేశాన్ని చూడాలనీ వివరించారు. మరి ఈ తొట్టిని ఏం చేయమంటారని అడిగాను.

“ఆమె ఉద్దేశం మంచిదే. నాదీ మంచిదే అనుకున్నాను. వంటమనిషికి జ్వరం వచ్చింది. నాకు తెలియడం లేదు, దాదా,” అన్నారు.

మందు నేనే వేశాను. నూకరత్నం ముఖం తిప్పుకోకుండా చూసింది. తర్వాత కార్డు తీసుకుని నాలుగు గడులూ కొట్టేసి, ‘ఉన్నాయి, మందు వేయలేదు’ అని తన చేత్తో రాసింది. దాన్నే నివేదికకు జతచేశాను. తానే ఒప్పుకుంది కనుక తీసేయకుండా, తొట్లు కడిగి మూతలు బిగించే జట్టులోకి మార్చారు. లార్వా పుట్టకముందే చేసే పని కాబట్టి ఆమె ఇబ్బంది తీరిందనుకున్నాను. మొదటి రోజే బ్రష్ పట్టుకుని అడిగింది.

“తొట్టి గోడకి గుడ్లుంటాయి కదా బాబూ. ఆటికి పాణం ఉంటాదేటి?”

తెలియదన్నాను. ఆమె తోమడం మొదలుపెట్టింది.

వంటమనిషి కోలుకున్నాడు. శీలమంటే ఏమిటో మాత్రం నాకు తేలలేదు. మిగిలిన రెండేళ్లూ కొత్తవాళ్లను పనిలో పెట్టే ముందు, ఈ పని చేయగలరా అని అడిగాను. చేయలేనన్న మనిషికి వేరే పని చూడవచ్చు. అంతకుముందు ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.