అత్తయ్య చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు, ఒక వేసవి ఉదయం పదీ ఇరవైకి, మా మేనత్త ఉయ్యూరు అవతల ఒక ఊళ్ళో నేతవాళ్ళ ఇంటి ముందు చెప్పులు విడిచింది. వేళ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణముంది. ఆవిడ నింపే ఫారంలో మొదలుపెట్టిన వేళ రాయాలి. గడియారం చూసి చెప్పే పని, సెలవుల్లో వెంట వెళ్ళిన నాకు ఇచ్చింది.

అత్తయ్యది ప్రభుత్వ సర్వే ఉద్యోగం. గడిచిన నెలలో ఏం కొన్నారు, ఏం తిన్నారు అని ఇంటింటా అడిగి రాసుకోవాలి. జనం తిండీ బట్టా ఎలా మారుతున్నాయో ఆ ఫారాల వల్లే పైవాళ్ళకు తెలిసేది.

ఆ ఇల్లాలు పీట వేసింది. పొరుగు ఆడవాళ్ళిద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కందిపప్పు ఎంత వాడారని అత్తయ్య అడిగితే, ఇల్లాలు "మాకేం తక్కువండీ, రోజూ పప్పే" అంది. నూనెకీ, పాలకీ అదే జవాబు. అత్తయ్య ఏదీ రాయలేదు. మగ్గం మీద నూలు లేదని నేను గమనించలేదు. ఆవిడ గమనించింది.

పెన్ను పక్కన పెట్టి, "మా ఇంట్లో ఇరవయ్యో తారీకుకే నూనె సీసా బోర్లిస్తామమ్మా" అంది.

"ఉద్యోగస్తులు, మీకేంటండీ" అంటూ గుమ్మంలో ఒకావిడ నవ్వింది.

"మాకు పదిహేనుకే" అంది రెండో ఆవిడ.

అప్పుడు ఇల్లాలు గొంతు తగ్గించి, "ఈ నెల పప్పు వండలేదండీ. మగ్గం ఆగింది" అంది. అత్తయ్య మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడిగి, అన్నీ రాసుకుంది.

తిరుగు బస్సులో, మనింట్లో నూనె ఎప్పుడూ నిండుకోదు కదా, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"నా అబద్ధం ఆ ఇంట్లోనే పోతుందే. ఆవిడది కాగితం ఎక్కితే, ఆ వీధిలో అందరూ కడుపునిండా తింటున్నారని నమ్మేస్తారు" అంది.

ఎవరినైనా ఇబ్బందిపెట్టే ప్రశ్న అడగాల్సివస్తే, ఇప్పటికీ ముందు నా సంగతి చెబుతాను. అంత ఓర్పుగా అడిగే మనిషిని మళ్ళీ చూడలేదు.

చివరిదాకా నా దగ్గరే ఉన్న అత్తయ్య కిందటి నెల పోయింది. మొన్న భవానీపురంలో మా ఇంటికి సర్వే అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలే. లోపలికి రమ్మంటే ఇంకా చాలా ఇళ్ళున్నాయని, గుమ్మం బయటే నిలబడి ట్యాబ్‌లో నొక్కుకుంటూ అడిగింది. నెల రోజులుగా నేను సరిగా వండుకోవడం లేదు. అన్నీ మామూలుగానే కొంటున్నానని చెప్పాను.

సర్వేకి వచ్చేవాళ్ళు ఇప్పుడు చెప్పులు విడవడం లేదు.