వెండి రేకు వేసిన చాక్లెట్లు

మా ఇంట్లో మాంసానికీ తీపికీ ఎప్పుడూ పడేది. మా తాతగారి రోజుల్లో వేట మాంసాన్ని పలచగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండబెట్టేవారట. అతిథులు వచ్చిన పూట దాన్ని నేతిలో కరకరలాడేలా వేయించి, మిరియాల పొడి వేసిన బెల్లం పాకంలో దొర్లించి, వెండి పళ్ళేల్లో పెట్టేవారట. ఆ పళ్ళేలు నేను పుట్టేనాటికే చేయి దాటిపోయాయి కాబట్టి ‘అట’ అనే రాయాలి. కళ్ళతో చూసిన మనిషి మా మేనత్త ఒక్కతే. మా వంశంలో చివరికి మిగిలింది ఆవిడా, నేనూ.

ఎల్బీనగర్‌లో రింగ్ రోడ్డు వెనక ఒక కాలనీలో మేడ మీది వాటా అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఇంట్లోనే చాక్లెట్లు చేసి అమ్మేదాన్ని. అత్తయ్య ‘అమ్ముతుంది’ అనే మాట నోట రానిచ్చేది కాదు. ఎవరైనా అడిగితే, మా అమ్మాయి సరదాగా చేసిపెడుతుందండీ అనేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒక క్యాటరింగ్ ఆయన పెళ్ళి విందుకు ఎవరూ చేయనిదేదైనా కావాలన్నాడు. తాతగారి పళ్ళెం గుర్తొచ్చింది. బెల్లం పాకం బదులు నల్ల చాక్లెట్ వాడి చూశాను. ఎండు మాంసంలో తడి ఏమాత్రం ఉన్నా కరిగిన చాక్లెట్ ఇసుకలా గడ్డకట్టిపోతుంది. అందుకని నేతిలో వేయించాక గుడ్డ మీద ఆరబోసి, కొవ్వంతా అద్ది, రోట్లో బరకగా దంచేదాన్ని. వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించి, అందులో ఈ పొడీ మిరియాలూ కలిపి అచ్చుల్లో పోసేదాన్ని. ముందు తీపి, తర్వాత ఉప్పు, చివర్లో గొంతులో కారం. ఆయన మొదట నవ్వాడు, ఒకటి తిన్నాక నవ్వడం మానేసి ఆర్డరిచ్చాడు. జీడిపప్పువీ మాంసానివీ ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి, గుర్తుగా మాంసం వాటి మీద వెండి రేకు అద్దాను.

ఆ కార్తీకంలోనే కింద ఇంటి ఓనరు అయ్యప్ప మాల వేసుకున్నాడు. వాళ్ళది నల్గొండ వైపు పల్లె. ఆయనకు రెండు లారీలుండేవి. ఆయన భార్య పైకి వచ్చి, స్వామి శబరిమల వెళ్ళొచ్చేదాకా ఇంట్లో నీచు వండొద్దని మర్యాదగా అడిగింది. మాటిచ్చాను. అప్పటికే మాంసం పొడి చేసి సీసాలో పెట్టేశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను మాంసం వండలేదు. కలపడాన్ని వండటం అనరు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. హైవే మీద టైర్లు కాలేవి. విజయవాడ బస్సులు హయత్‌నగర్ దాటేవి కావు. మా వీధి చివర మెస్సువాడు బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న మాటకు తెల్లరంగు పూసేశాడు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. అయినా కూరగాయల బండి దగ్గర నేను నోరు విప్పడం మానేశాను. వేలితో చూపించి, డబ్బు చేతిలో పెట్టి వచ్చేసేదాన్ని. నోరు విప్పితే రెండో మాటకే యాసను బట్టి మేమెవరమో తెలిసిపోతుంది.

రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చిన మర్నాడు పొద్దున, పెళ్ళి ఉంటుందో ఉండదో కనుక్కుందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. వాయిదా పడిందన్నాడు క్యాటరింగ్ ఆయన. తిరిగొచ్చేటప్పుడు బస్సుల్లేవు. రోడ్డంతా డప్పులు, గులాలు, టపాకాయలు. ఎవరో కుర్రవాళ్ళు అడ్డొచ్చి, “ఏమక్కా, నువ్ నవ్వుతలేవేంది?” అని నా చెంపకు గులాలు రాశారు. నవ్వాను. మా కుటుంబంలో ఆడవాళ్ళ ముఖం మీద పరాయివాడి చెయ్యి పడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. అయినా కోపం రాలేదు. చెంప తుడుచుకోకుండానే ఇంటిదాకా నడిచాను.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద మా గిన్నెలో పాయసం ఉంది. కింది ఆవిడ తెచ్చిందట. ఆ పాయసం ఏ సంతోషానికి వండారో అడగక్కర్లేదు. పక్కనే చాక్లెట్ల పళ్ళెంలో వెండి రేకు వేసిన వరస సగం ఖాళీగా కనిపించింది.

“వాళ్ళకి పంపానే,” అంది అత్తయ్య. “పండగ చేసుకుంటున్నవాళ్ళ గిన్నె ఉత్తదే పంపిస్తే మనం ఏడుస్తున్నామనుకోరూ? ఇచ్చేది మంచిదే ఇవ్వాలి. అందుకే వెండివి పెట్టాను.”

ఆవిడకు వెండి రేకు ఘనతకే గుర్తు. వేరే గుర్తు ఆవిడ ఎరగదు, నేను చెప్పనూ లేదు. మాలలో ఉన్న మనిషి ఇంటికి, అదీ ఆ రోజు, ఆంధ్రావాళ్ళ ఇంట్లోంచి మాంసం కలిపిన తీపి వెళ్ళింది. కింద ఆ మధ్యాహ్నం స్వాములకు భిక్ష. శరణుఘోష పైకి వినిపిస్తోంది. వాళ్ళలో ఒక్కరు నోట్లో వేసుకున్నా దీక్ష పోతుంది. కావాలనే చేశారంటారు. కాదని నేనెంత చెప్పినా ఆ రోజు ఆ వీధిలో వినేవాళ్ళెవరు? అత్తయ్యను పట్టుకుని ఎక్కడికి పోవాలి?

ఇచ్చినదాన్ని తిరిగి అడగడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. మెట్లు దిగుతూ, ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుక్కున్నాను. వాకిట్లో నల్లబట్టల స్వాములు వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఓనరు వంగి అన్నం వడ్డిస్తున్నాడు. గేటు దగ్గర ఉద్యమం కండువాలతో నలుగురైదుగురు నిలబడ్డారు. నా చెంప మీద గులాలు చూసి ఒకతను ఆనందంగా చెయ్యూపాడు.

పక్క సందులోంచి వంటింటి వైపు వెళ్ళాను. ఓనరు భార్య బియ్యం బస్తాకు ఆనుకుని నేల మీద కూర్చునుంది.

“చాక్లెట్లండీ,” అన్నాను. “అవి తినకూడదు. పొరపాటున...”

“మెల్లగ,” అంది. “ఎవ్వరు తినలే. నేనొక్కదాన్నే తిన్న. రుచి సూద్దామని నోట్లేసుకున్న.” వాకిటి వైపు ఓసారి చూసింది. “నేను పల్లెటూరిదాన్నక్కా. ఎండు మాంసం నాకు తెల్వదా? అందులేముందో నీ నోటితోని చెప్పకు. చెప్తే నేను ఆయనకు చెప్పాలె.”

మిగిలినవి బస్తా వెనక నుంచి తీసి నా చేతుల్లో పెట్టింది. నేను కొంగులో చుట్టుకున్నాను. వాకిట్లోంచి ఓనరు పప్పు తెమ్మని కేకేశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది.

మా మీద ఎవరూ రాలేదు. భయం మాత్రం పోలేదు, అది వేరే దారి పట్టింది. ఇంట్లో నియమం తప్పితే కొండకు వెళ్ళిన మనిషికి కీడు జరుగుతుందని వాళ్ళ నమ్మకం. నాకు అలాంటివి లేవనుకునేదాన్ని. ఓనరు ఇరుముడి నెత్తిన పెట్టుకుని బస్సెక్కిన రోజు నుంచి ఆవిడ బట్టలారేసే నెపంతో రోజూ పైకి వచ్చేది. మా గుమ్మంలో కూర్చుని మా టీవీ చూసేది. ఎక్కడో ఘాట్ రోడ్డులో బస్సు పడిందని వార్త వస్తే ఇద్దరం టీవీకి దగ్గరగా జరిగేవాళ్ళం. ఏ రాష్ట్రం బస్సో చెప్పేదాకా అత్తయ్యను కూడా మాట్లాడనిచ్చేదాన్ని కాదు.

ఏమీ తెలియని అత్తయ్య ఒకరోజు ఆవిడనే అడిగింది, చాక్లెట్లు ఎలా ఉన్నాయని.

“మస్తుగున్నయి పెద్దమ్మా,” అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

ఇంకో రోజు మెల్లగా నన్నడిగింది. “అక్కా, మీ దిక్కు ఇట్ల తప్పు జరిగితే ఏం జేస్తరు?”

మా ఇంట్లో తప్పులు జరగవండీ అని చెప్పే గొంతు నాకు పుట్టుకతో వచ్చింది. ఆ రోజు అది రాలేదు. తెలియదన్నాను. శనివారం ఆవిడ ఉపవాసముంటానంది. ఆవిడకు చెప్పకుండా నేనూ ఉన్నాను.

ఆయన రావలసిన రోజున రాలేదు. దార్లో ఎక్కడో రాస్తారోకో అన్నారు. ఫోను కలవలేదు. ఆవిడ ఆ రోజు పైకి రాలేదు. కింద గేటు దగ్గరే నిలబడింది, నేను పిట్టగోడ దగ్గర నిలబడ్డాను.

మర్నాడు పొద్దెక్కాక ఆటో ఆగింది. మాసిన గడ్డం, నలిగిన నల్ల లుంగీ, ఎండకు కమిలిన ముఖంతో ఆయన దిగాడు. ఆవిడ చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసింది. సగం పక్కకు పోయాయి. ఏందే, ఏడుస్తున్నవ్ అని ఆయన నవ్వుతూ అడగడం వినిపించింది. ఆవిడేమందో వినపడలేదు.

ఆయన తలెత్తి నన్ను చూసి, ప్రసాదం తీసుకుపొమ్మని పిలిచాడు. మామూలుగా పండగలకు వాళ్ళు పిలిస్తే, పని ఉందని చెప్పి కాసేపాగి వెళ్ళేదాన్ని. పిలవగానే పరుగెత్తడం మాకు అలవాటు లేదు. ఆ రోజు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి, ఆవిడ పక్కన నిలబడి, రెండు చేతులూ చాచాను.