చివరి భాగం ఎవరికి వినిపించింది

పదవీ విరమణకు ఎనిమిదేళ్ళ ముందు, ఉగాది వెళ్ళిన నెలలో, పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆడియాలజిస్టుగా చేరాను. ఆడియాలజిస్టంటే చెవి డాక్టరనుకుంటారు చాలామంది. చెవికి మందిచ్చేది డాక్టరు. ఆ చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచి చెప్పేది మేము. ఆ ఫ్యాక్టరీలో కార్ల భాగాల కోసం ఇనుప రేకులను ప్రెస్ యంత్రాల కింద పెట్టి అచ్చు గుద్దేవారు. జర్మనీ సంస్థ ఒకటి అందులో వాటాదారు. పేర్లు చెప్పను. అప్పటి పెద్దలు చాలామంది ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీల్లో ఉన్నారు.

నా కాపురం హిందూపురంలో. పొద్దున్నే కంపెనీ బస్సులో వెళ్ళి, ఆరోగ్య కేంద్రం వెనక గదిలో ఉన్న బూత్ తలుపు తెరవడంతో నా పని మొదలయ్యేది. బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి గోడలతో కట్టిన చిన్న పెట్టె లాంటి గది అది. పనివాణ్ణి అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, లావు నుంచి కీచు దాకా రకరకాల స్థాయిల్లో సన్నటి కూతలు వినిపిస్తాం. వినబడినప్పుడల్లా అతను మీట నొక్కాలి. ఆ ఫలితాన్ని గీతగా గీస్తే ఆడియోగ్రామ్ అవుతుంది. ఏళ్ళ తరబడి ప్రెస్ షాపులో నిలబడినవాళ్ళ గీత కీచు స్థాయి దగ్గరికొచ్చేసరికి గోతిలో పడినట్టు కిందికి దిగుతుంది. వాళ్ళకు మాట వినబడుతుంది గానీ ఏమన్నారో తెలియదు. ఇలా పోయిన వినికిడి మళ్ళీ తిరిగి రాదు.

రామాంజులు గీత అలాంటిదే. ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఫ్యాక్టరీ తెరిచినప్పటి నుంచీ ప్రెస్ మీదే ఉన్నాడు. "నా కూతురు మాట్లాడ్తే దాని మొగం చూస్తాండా మేడమ్. అది తిరుక్కోని మాట్లాడిందంటే నాకు ఒక్క ముక్క తెలీదు," అన్నాడు. అతన్ని చప్పుడు లేని స్టోర్సుకు మార్చాలనీ, ప్రెస్ యంత్రాలకు శబ్దాన్ని ఆపే మూతలు బిగించాలనీ సిఫారసు రాశాను.

హెచ్‌ఆర్ విభాగాధిపతి శ్రీకాంత్ నన్ను పిలిపించాడు. బెంగళూరులో పెరిగిన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, అంతకంటే నలగని నమ్మకం. స్టోర్సులో కుర్చీ ఉంటుంది కాబట్టే వీళ్ళందరికీ చెవుడు వస్తోందని ఆయన అభిప్రాయం. వినిపిస్తున్నా వినిపించనట్టు నటించేవాడు ప్రతి పరీక్షలోనూ ఒకే చోట మీట నొక్కలేడనీ, మూడుసార్లు చేసినా రామాంజులు గీత ఒకేలా వచ్చిందనీ వివరించాను. చూద్దాం అన్నాడు. ఆఫీసు భాషలో దానికి అర్థం చూడం అని.

సంగతి రామాంజులుకు తెలిసింది. "నాదంతా నాటకమన్న్యాడంట గదా ఆ సారు? నాటకాలాడేదుంటే మా ఊర్లోనే ఆడుదును మేడమ్, ఈడిదాంకా యాల వస్తును?" అన్నాడు.

అదే రోజుల్లో జర్మనీ నుంచి వాటాదారు సంస్థ డైరెక్టరొకాయన వస్తున్నట్టు కబురొచ్చింది. ఆయనకు సంగీతమంటే ప్రాణమట. ముఖ్యంగా తమ దేశంలో ఇప్పటికీ రాస్తున్న ఒక స్వరకర్త సింఫనీలంటే. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం మూడు నాలుగు భాగాలుగా రాసే దీర్ఘమైన సంగీత రచన. ఈ కబురుతో మా ఫ్యాక్టరీ మొత్తానికి రాత్రికి రాత్రి సంగీత జ్ఞానం అవసరమైంది. హిందూపురంలో ఒక హోటల్ హాలు తీసుకుని, డైరెక్టరు సమక్షంలో ఆ స్వరకర్త మూడో సింఫనీ వినే సభ పెట్టాలని నిర్ణయించారు. ప్రెస్ మూతలకు ఈ ఏడాది వీలు పడదన్నవాళ్ళే బెంగళూరు నుంచి స్పీకర్లు తెప్పించారు, అధికారులకు సింఫనీ ఆస్వాదనలో తర్ఫీదు ఇవ్వడానికి ఒక నిపుణుణ్ణి కూడా పిలిపించారు.

ఆ తరగతులకు నేనూ వెళ్ళాను. నిపుణుడు సంగీతం కొంచెం వినిపించి, విశేషణాలు బోలెడు పంచాడు. 'గాఢత', 'అంతర్ముఖత', 'నిశ్శబ్దపు బరువు' అంటూ అధికారులు వల్లె వేశారు. కొనుగోళ్ళ మేనేజరు లేచి, తల ఎక్కడెక్కడ ఊపాలని అడిగాడు. ఊపకూడదనీ, కళ్ళు మూసుకోవాలనీ నిపుణుడు చెప్పాడు. అందరూ కళ్ళు మూసుకోవడం సాధన చేశారు. నాణ్యత విభాగం మేనేజరు ఆ సాధనలోనే గురక పెట్టాడు.

చెవులు నా శాఖ కాబట్టి హాల్లో శబ్దం ఎంత ఉండాలో కొలిచి సర్దే పని నాకు అప్పగించారు. అందుకోసం ఆ సింఫనీని క్షుణ్ణంగా వినవలసి వచ్చింది. మధ్యాహ్నం భోజనం తర్వాత బూత్‌లో కూర్చుని విన్నాను. మొదటిసారి చిరాకేసింది. పల్లవి లేదు, మళ్ళీ వచ్చి పలకరించే వరస లేదు. లావు తీగల వాద్యాలు ఒకే స్వరాన్ని పట్టుకుని వదలవు. ఒక్కొక్కటిగా మిగతా వాద్యాలొచ్చి, దానికి వెంట్రుకవాసి పక్కన నిలబడతాయి. ఆదివారం ధర్మవరంలో మా పుట్టింట్లో మళ్ళీ పెట్టాను. మా నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి సగందాకా ఓపిగ్గా విన్నాడు. "ఏమ్మా సుజాతా, ఇంగా మొదులు కాలేదా?" అన్నాడు. ఆపబోతే, "ఉండనీలే. యాడికి పోతాదో చూద్దాం," అని అక్కడే కూర్చున్నాడు.

అది ఎటు పోతోందో నాకు నాలుగైదు సార్లు విన్నాక గాని తెలియలేదు. పాట కోసం ఎదురుచూడటం మానేశాక, ఆ ఒక్క స్వరంలోనే ఎన్ని రంగులున్నాయో వినబడసాగింది. చివరికి ఆ స్వరం ఒక మెట్టు జారినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రెండో భాగంలో ఇత్తడి వాద్యాలు విరుచుకుపడి ఉన్నట్టుండి ఆగిపోతాయి. మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. ఆ ఖాళీలో కూడా చెవి పనిచేస్తూనే ఉంటుంది. మూడో భాగంలో వయొలిన్లు మాత్రమే మిగిలి, పైకి పైకి పోతూ సన్నబడి, వినికిడి అంచు మీద చాలాసేపు నిలుస్తాయి. అది రాసినవాడికి చెవి సంగతి బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు శబ్దాలతో బతికిన నేను అంత శ్రద్ధగా ఏదీ వినలేదు. మా అధికారులకు దొరికిన విశేషణాల్లో ఒక్కటీ దానికి అతకదు.

సభ రోజు హాలు నిండింది. పనివాళ్ళు కూడా ఆస్వాదిస్తున్నారని చూపించడానికి సీనియర్ ఆపరేటర్లను కొందరిని రెండో వరసలో కూర్చోబెట్టారు. వాళ్ళలో రామాంజులు ఒకడు. డైరెక్టరు వెండి జుట్టు, మెత్తటి మాట గల మనిషి. రెండో భాగంలో మొదటి ఖాళీ రాగానే అయిపోయిందనుకుని శ్రీకాంత్ లేచి చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మీద ఇత్తడి వాద్యాలు మళ్ళీ విరుచుకుపడ్డాయి. అందరూ కూలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఇక ఆ తర్వాత నిజంగా అయిపోయినప్పుడు కూడా ఒక్కరూ కొట్టలేదు. డైరెక్టరు లేచేదాకా కాచుకుని ఉన్నారు.

ఆయన నేరుగా రెండో వరసకు వచ్చి, చివరి భాగం ఎలా అనిపించిందని రామాంజులును ఇంగ్లీషులో అడిగాడు. శ్రీకాంత్ ఆ ప్రశ్నను చెవి దగ్గర అరిచి తెలుగులో చెప్పాడు.

"చివర్లో నాకేమీ వినపల్యా సార్," అన్నాడు రామాంజులు. "అయిపోయిందేమో అనుకుంటి. పెద్దోళ్ళంతా కండ్లు మూసుకోని కూచోనుండారు, లేస్తే బాగుండదని నేనూ కూచోనుంటి."

ఆ నిశ్శబ్దం తనను కదలనివ్వలేదని అంటున్నాడని శ్రీకాంత్ ఇంగ్లీషులోకి మార్చాడు. డైరెక్టరు చలించిపోయి రామాంజులు చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముందుకు వెళ్ళి, అతను అన్నది అది కాదనీ, మన ప్రెస్ షాపు అతని చెవిలోంచి ఆ స్థాయిని తీసేసిందనీ, అందుకే వినిపించలేదనీ ఇంగ్లీషులో చెప్పాను. శ్రీకాంత్ మొహం నల్లబడింది. డైరెక్టరు మాత్రం చిరునవ్వు నవ్వాడు. ఆ భాగాన్ని స్వరకర్త వినికిడి అంచు కోసమే రాశాడనీ, వినబడకపోవడం కూడా ఒక రకమైన వినడమేననీ, సాంకేతిక ఉద్యోగులకు ఇది పట్టుబడటం కష్టమనీ సెలవిచ్చాడు. భోజనాల దగ్గర అదే ఉపన్యాసంగా ఇచ్చాడు. అంతా తలలూపారు.

మర్నాడు ఫ్యాక్టరీ చూస్తూ ఆయన ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. వెనకే శ్రీకాంత్. బూత్ చూసి ముచ్చటపడి, తన సంగీతపు చెవులను కూడా ఒకసారి పరీక్షించమని సరదాగా అడిగాడు. కూర్చోబెట్టి తలుపు మూశాను. లావు స్వరాలన్నిటికీ చకచకా మీట నొక్కాడు. ఆ తర్వాత మూడో భాగం చివర వయొలిన్లు నిలిచే స్థాయికి వచ్చాను. హాల్లో మీటరు పెట్టి సర్దింది నేనే కాబట్టి, రాత్రి ఆయన కుర్చీ దగ్గర అది ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. అంతే బలంతో కూత వినిపించాను. అద్దంలోంచి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని, పెదవుల మీద చిరునవ్వుతో, మీట మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నొక్కలేదు. ఇంకా పెంచాను. నొక్కలేదు. రామాంజులుకు వినబడిన చోటు దాటాక నొక్కాడు.

బయటికి వచ్చాక తెర మీద రెండు గీతలు చూపించాను. ఒకటి ప్రెస్ ఆపరేటరుది, రెండోది మీది అని చెప్పాను. యంత్రం సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. శ్రీకాంత్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. చదువు ముగిశాక తమ ఊళ్ళో ప్రెస్ షాపులోనే తన ఉద్యోగం మొదలైందనీ, ఆ రోజుల్లో చెవులు మూసుకునేవాణ్ణి చూసి నవ్వేవాళ్ళమనీ మెల్లగా చెప్పాడు. చివరి భాగాన్ని ఎన్నేళ్ళుగా వినకుండానే మెచ్చుకుంటున్నాడో ఆయనకే తెలియాలి.

దసరాలోగా ప్రెస్ యంత్రాలకు మూతలొచ్చాయి. రామాంజులు స్టోర్సుకు మారాడు. పోయిన వినికిడి పోయినట్టే ఉంది. శ్రీకాంత్ మూతలు తన చొరవేనని కంపెనీ పత్రికలో రాయించుకుని, పై మెట్టెక్కి, జర్మనీకి శిక్షణకు వెళ్ళాడు. ఆ సింఫనీ పేరు మళ్ళీ అక్కడ ఎవరి నోటా వినలేదు. నేను మాత్రం ఆ స్వరకర్త మిగతా సింఫనీలు కూడా సంపాదించి విన్నాను, ఇప్పటికీ వింటున్నాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. పనివాళ్ళ గీతలు ఎన్ని చూపించినా పైవాళ్ళకు అవి ఎవరివో గీతలే. వాళ్ళ సొంత గీత వాళ్ళకు ఒకసారి చూపించాలి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా మొదటి పరీక్ష మేనేజరుకే చేశాను.